ఫోను ముఖం మారింది

అది 2025 ఆగస్టు నెల. శ్రావణమాసం ఆఖరి శుక్రవారం.

హైదరాబాదులోని రాంనగర్‌లో ఒక పూలమ్మ ఉంది. రాంనగర్ గుండు దగ్గర బుట్ట పెట్టుకుని పూలు అమ్ముతుంది. చీకటితోనే లేచి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోతుంది. మల్లెలు, చామంతులు, కనకాంబరాలు తెస్తుంది. కొన్ని మూరల లెక్కన అమ్ముతుంది. కొన్ని దండలు కట్టి అమ్ముతుంది.

శ్రావణ శుక్రవారం పూలకు మంచి గిరాకీ. ఇంటింటా పూజలు. చిక్కడపల్లి నుంచి, అశోక్‌నగర్ నుంచి కూడా ఆడవాళ్ళు ఫోను చేస్తారు. "రెండు దండలు పక్కన పెట్టు పూలమ్మా, మా పిల్లవాడు వస్తాడు" అంటారు. అందుకే పూలమ్మ ఫోను ఎప్పుడూ కొంగుముడిలోనే ఉంటుంది.

ఆ రోజు పొద్దున ఏడు గంటలకు ఫోను మోగింది. పూలమ్మ ఎప్పటిలాగే వేలితో పైకి తోసింది. ఫోను ఎత్తుకోలేదు. మళ్ళీ తోసింది. ఊహుఁ. అటూ ఇటూ జరిపింది. ఫోను కట్ అయింది.

మళ్ళీ మోగింది. మళ్ళీ అంతే. ముచ్చటగా మూడుసార్లు మోగింది. మూడుసార్లూ కట్ అయింది.

పూలమ్మ తెర వైపు చూసింది. తన ఫోనే. పగిలిన అంచు అదే. మనవడు అంటించిన బొమ్మ అదే. కానీ లోపల ముఖం వేరే. గుండీలు పెద్దవయ్యాయి. పేర్ల జాబితా ఉన్న చోట లేదు.

"అయ్యో! ఇదేందిది? రాత్రి పండేటప్పుడు మంచిగనే ఉండె గదా!" అంది పూలమ్మ.

ఆమెకు చెమటలు పట్టాయి. దండల బేరం పోయినందుకు మాత్రమే కాదు. ఆ ఫోనులోనే ఆమె డబ్బు ఉంది. పూలు కొన్నవాళ్ళు అందులోనే డబ్బు వేస్తారు. మార్కెట్‌లో పూల షావుకారుకు అందులోంచే ఇస్తుంది. సంఘం పొదుపు కూడా అందులోంచే కడుతుంది. ఫోను పోతే బుట్ట పోయినట్టే.

తలా ఒక మాట

పక్కన ఇడ్లీ బండి అక్క ఉంది. "నీ ఫోనుల ఎవరో జొరబడ్డరక్కా. హ్యాక్ అంటరు గదా, గదే అయ్యుంటది" అంది.

చాయ్ తాగుతున్న ఒకాయన, "ఫోను ఖరాబైంది. కొత్తది కొనుక్కో" అన్నాడు.

ఇంకో పిల్లవాడు, "ఇంటర్నెట్‌లో వెతికితే కంపెనీ వాళ్ళ నంబరు దొరుకుతుంది. ఆ నంబరుకు ఫోను చెయ్యి పెద్దమ్మా" అన్నాడు.

పూలమ్మ ఎవరి మాటా వినలేదు. బుట్ట మీద తడిబట్ట కప్పింది. వీధి చివర కుట్టు మిషను చెల్లె ఇంటికి పోయింది. సంఘంలో లెక్కలు రాసేది ఆమే. పూలమ్మకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే.

కుట్టు చెల్లె ఫోను చూసింది. నవ్వింది. తన ఫోను తీసి చూపించింది. అది కూడా అలాగే మారింది.

"గాబరా పడకు అక్కా. నీదొక్కదే కాదు. మన దేశంలో చాలామంది ఫోన్లు ఇట్లనే మారినయ్. పేపర్ల కూడా రాసిండ్రు. దీన్ని అప్‌డేట్ అంటరు" అంది.

అప్‌డేట్ అంటే ఏమిటి?

కుట్టు చెల్లె చేతిలో ఒక పాత జాకెట్టు ఉంది. దాన్నే చూపించి చెప్పింది.

"ఇది నిరుడు కుట్టిన జాకెట్టు. చంక దగ్గర కుట్టు ఊడింది. గట్టిగ కుడుతున్న. చేతులు బిగుతైనయ్. వదులు చేస్తున్న. హుక్కులు ముందుకు మారుస్తున్న. బట్ట మారిందా? మారలేదు. కుట్టు మారింది. అప్‌డేట్ అంటే గదే."

ఫోను అంటే పైన కనబడే అద్దం, డబ్బా మాత్రమే కాదు. లోపల దాన్ని నడిపించే రాత ఒకటి ఉంటుంది. ఏ గుండీ నొక్కితే ఏం జరగాలో ఆ రాత చెబుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ అంటారు. తయారు చేసినవాళ్ళు అప్పుడప్పుడు ఆ రాతను సరిచేస్తారు. సరిచేసిన రాతను ఇంటర్నెట్ ద్వారా మన ఫోనుకు పంపుతారు. అదే అప్‌డేట్.

అప్‌డేట్ రెండు రకాలు.

ఒకటి, మొత్తం ఫోనుకు వచ్చేది. ఇది పెద్దది. చాలా ఫోన్లు ముందుగా అడుగుతాయి. ఫోను ఆగి మళ్ళీ మొదలవుతుంది. మన దేశంలో ఎక్కువ ఫోన్లు ఆండ్రాయిడ్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. ఆండ్రాయిడ్ మీద నడిచే మొదటి ఫోను 2008లో వచ్చింది. ఈ మధ్య ఏడాదికొక కొత్త ఆండ్రాయిడ్ వస్తోంది. 2024లో పదిహేనవది వచ్చింది. 2025లో పదహారవది వచ్చింది.

రెండోది, ఒక్కొక్క యాప్‌కు వచ్చేది. ఫోను మీద చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి కదా. వాటినే యాప్‌లు అంటారు. ఒక్కో యాప్ ఒక్కో పని చేస్తుంది. మాట్లాడడానికి ఒకటి, డబ్బు పంపడానికి ఒకటి, ఫోటోలకు ఒకటి. ఇవి ప్లే స్టోర్ ద్వారా వాటంతట అవే మారుతుంటాయి. చాలాసార్లు రాత్రి ఫోను చార్జింగ్‌లో ఉన్నప్పుడు మారతాయి. మనకు తెలియను కూడా తెలియదు.

పూలమ్మ ఫోనులో మారింది ఈ రెండో రకం. కాల్ మాట్లాడే యాప్ మారింది. ఆ యాప్ గూగుల్ కంపెనీది. 2025లో ఆ కంపెనీ దాని రూపం మార్చింది. ఆగస్టులో చాలామంది ఫోన్లకు ఆ మార్పు చేరింది.

"మరి ఇడ్లీ బండామె ఫోను మారలే గదా?" అని పూలమ్మ అడిగింది.

"ఆమెది శాంసంగ్ ఫోను. దాంట్ల కాల్ చేసే యాప్ వాళ్ళ సొంతది. అందుకే మారలే" అని కుట్టు చెల్లె చెప్పింది.

ఏమేం మారాయి?

ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. కుట్టు చెల్లె తన ఫోను నుంచి పూలమ్మకు కాల్ చేసింది. ఫోను మోగింది.

"ఇప్పుడు వేలు పెట్టకు. ముందు చదువు" అంది.

పూలమ్మ తెర మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ఒక వైపు సమాధానం అనే మాట ఉంది. ఇంకో వైపు ఒక పెద్ద మాట ఉంది. "తి...ర...స్క...రిం..." అని ఆగిపోయింది.

"తిరస్కరించడం అంటే వద్దనడం. ఫోను కట్ చేయడం అన్నట్టు. సమాధానం అంటే జవాబు. ఫోను ఎత్తడం అన్నట్టు" అంది కుట్టు చెల్లె.

ఇంతకు ముందు ఫోను ఎత్తాలంటే వేలితో పైకి తోసేవాళ్ళు. కట్ చేయాలంటే కిందికి తోసేవాళ్ళు. ఇప్పుడు పక్కకు జరపాలి. కుడి వైపుకు జరిపితే ఎత్తినట్టు. ఎడమ వైపుకు జరిపితే కట్ చేసినట్టు. పొద్దున పూలమ్మ తెలియక ఎడమ వైపుకు జరిపింది. తన బేరం తానే వద్దంది.

"గీ మార్పు ఎవరడిగిండ్రు?" అని పూలమ్మ విసుక్కుంది.

జేబులోంచి ఫోను తీసేటప్పుడు వేలు తగిలి పొరపాటున కాల్స్ ఎత్తుకోవడం, కట్ కావడం జరుగుతోందట. అది తగ్గించడానికే మార్చామని కంపెనీ చెప్పింది. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ మూడు బేరాలు పోయిన పూలమ్మ కోపంలో కూడా నిజం ఉంది. చెప్పకుండా మారిస్తే పనిచేసుకునేవాళ్ళకు నష్టం.

అయితే అదే యాప్‌లో ఇంకో దారి కూడా ఉంది. యాప్ సెట్టింగ్‌లలోకి పోతే కాల్ ఎలా ఎత్తాలో మనమే ఎంచుకోవచ్చు. పక్కకు జరపడం ఒకటి. ఒక్కసారి నొక్కడం ఇంకొకటి. పూలమ్మ నొక్కేదే పెట్టించుకుంది. తడిచేతులతో జరపడం కష్టం. నొక్కడం సులువు.

పేర్ల జాబితా కూడా దొరికింది. అది పోలేదు. పైన ఒక మూల మూడు గీతలు ఉన్నాయి. వాటిని నొక్కితే కాంటాక్ట్‌లు అని వస్తుంది. పేర్లన్నీ అక్కడే ఉన్నాయి.

ఒక మార్పు మాత్రం పూలమ్మకు నచ్చింది. ఇంతకు ముందు ఒకే మనిషి నాలుగుసార్లు ఫోను చేస్తే అన్నీ ఒకే వరసలో కలిపి కనబడేవి. ఇప్పుడు ఏ కాల్‌కు ఆ కాల్ విడిగా కనబడుతుంది. టైము కూడా పక్కనే ఉంటుంది. పొద్దున మూడుసార్లు చేసింది ఒక్కరేనని పూలమ్మకు అప్పుడు తెలిసింది. చిక్కడపల్లి టీచరమ్మ. వెంటనే తిరిగి ఫోను చేసింది. టీచరమ్మ అప్పటికే వేరే చోట పూలు కొన్నది. అయినా, "వినాయక చవితికి మాత్రం నీ దగ్గరే తీసుకుంటా పూలమ్మా" అంది.

ఈ కొత్త రూపం అసలే వద్దనుకునేవాళ్ళు పాతదానికి పోవచ్చు. కాల్ యాప్ బొమ్మను కాసేపు నొక్కి పట్టుకోవాలి. యాప్ సమాచారం అని వస్తుంది. అందులో అప్‌డేట్‌లను తీసేసే దారి ఉంటుంది. కానీ అలా తీసేస్తే రూపంతో పాటు రిపేర్లు కూడా పోతాయి. ఊడిన కుట్టు మళ్ళీ ఊడినట్టే. కొన్నాళ్ళకు ఆ అప్‌డేట్ మళ్ళీ తనంతట తానే రావచ్చు కూడా. అందుకే కొత్తది నేర్చుకోవడమే మేలు.

కంటికి కనబడని రిపేర్లు

రూపం మారితే మనకు కనబడుతుంది. కానీ అప్‌డేట్‌లో అసలు పని వేరే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో ఒక లోపం ఉంటుంది. తయారు చేసినవాళ్ళకు కూడా మొదట తెలియదు. దొంగలు ఆ సందు కోసమే వెతుకుతారు. లోపం తెలియగానే కంపెనీ వాళ్ళు దాన్ని మూసేస్తారు. అప్‌డేట్ చేసుకున్న ఫోనులో ఆ సందు మూసుకుంటుంది. చేసుకోని ఫోనులో తెరిచే ఉంటుంది.

కొన్ని అప్‌డేట్‌లు మనకు కాపలా కూడా తెచ్చాయి.

2020లో వచ్చిన ఆండ్రాయిడ్‌లో ఒక మంచి పద్ధతి వచ్చింది. ఏదైనా యాప్ మన కెమెరానో, మైకునో, మనం ఉన్న చోటునో అడిగితే, ఈ ఒక్కసారికి మాత్రమే అని ఒప్పుకోవచ్చు.

2021లో వచ్చినదాంట్లో ఆకుపచ్చ గుర్తు వచ్చింది. ఏ యాప్ అయినా కెమెరానో మైకునో వాడుతుంటే తెర పైన మూలలో ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. ఫోటో తీసేటప్పుడు అది వెలగడం మామూలే. మనం ఏమీ వాడనప్పుడు వెలిగితే మాత్రం అనుమానించాలి.

2024 నుంచి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు దొంగల నుంచి కాపాడే తాళం వచ్చింది. ఎవరైనా చేతిలోంచి ఫోను లాక్కుని ఉరికితే, ఆ గుంజుడును బట్టి ఫోను తనంతట తాను తాళం వేసుకుంటుంది. కానీ దీన్ని సెట్టింగ్‌లలో ముందే ఆన్ చేసి పెట్టుకోవాలి.

ఇంకో మాట. ఏ ఫోనుకూ ఎల్లకాలం అప్‌డేట్‌లు రావు. కంపెనీలు కొన్నేళ్ళే ఇస్తాయి. అందుకే ఫోను కొనేటప్పుడు, "దీనికి ఎన్నేళ్ళు అప్‌డేట్‌లు వస్తాయి?" అని దుకాణంలో అడగాలి.

తెలుగు అక్షరాల ఫోను

ఇంతలో ఇడ్లీ బండి అక్క కూడా వచ్చింది. ఆమె ఫోను ఇంగ్లీషులో ఉంది. "నాకేం తెల్వదు. ఆకుపచ్చ రంగు చూసి నొక్కుత" అంది.

రంగు చూసి నొక్కేవాళ్ళకు రంగు మారితే దారి తప్పుతుంది. చదివి నొక్కేవాళ్ళకు తప్పదు.

కుట్టు చెల్లె ఆమె ఫోనులో సెట్టింగ్‌లు తెరిచింది. భాషల జాబితా తీసింది. ఆ జాబితాలో ఒక్కో భాష పేరు దాని సొంత అక్షరాలలోనే ఉంటుంది. "మనది నువ్వే వెతుకు" అంది. ఇడ్లీ బండి అక్క వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయింది. ఒక చోట వేలు ఆగింది. "తె...లు...గు. ఇగో, తెలుగు!" అంది. నొక్కింది. ఫోను మాటలన్నీ తెలుగులోకి మారాయి.

మధ్యాహ్నం వచ్చిన మెసేజ్

మధ్యాహ్నం రెండు గంటలైంది. ఎండ చుర్రుమంటోంది. పూలమ్మ ఫోను టింగుమంది. వాట్సాప్‌లో మెసేజ్. పంపింది అశోక్‌నగర్‌లో రోజూ పూలు తీసుకునే అమ్మ. ఆమె పేరే వచ్చింది. మెసేజ్ ఇలా ఉంది. "మీ ఫోను పాతబడింది. ఈ రోజే అప్‌డేట్ చేసుకోండి. లేకపోతే డబ్బుల యాప్ ఆగిపోతుంది." కింద ఒక ఫైలు ఉంది.

పొద్దున్నే అప్‌డేట్ గురించి విన్నది కదా. తెలిసిన మనిషే పంపింది కదా. పూలమ్మ ఫైలును నొక్కింది.

తెర మీద ఒక పెట్టె లేచింది. అందులో చాలా మాటలున్నాయి. పొద్దుటి పూలమ్మ అయితే చదవకుండానే నొక్కేది. ఇప్పుడు ఆగింది. ఒక్కో అక్షరం కలుపుకుని చదివింది. తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌ను పెట్టడానికి ఈ ఫోనుకు అనుమతి లేదు అని దాని అర్థం. కింద రెండు గుండీలు. ఒకటి సెట్టింగ్‌లు. రెండోది రద్దు.

రద్దు అనే మాట ఆమెకు తెలుసు. వర్షానికి సభ రద్దయింది అని పోయిన నెల సంఘం బోర్డు మీద తానే చదివింది.

"నా ఫోనే తెల్వదంటున్నది. నేనెట్ల నమ్మాలె?" అనుకుంది. రద్దు నొక్కింది.

వెంటనే అశోక్‌నగర్ అమ్మకు ఫోను చేసింది. "అమ్మా, మీరు నాకేమన్న పంపిన్రా?" అని అడిగింది.

"నేనేమీ పంపలేదే! పొద్దున ఇలాంటిదే నాకూ వస్తే నొక్కాను" అంది ఆమె. ఆ మాట అంటూనే బ్యాంకు మెసేజ్‌లు చూసుకుంది. గొంతు మారిపోయింది. ఖాతాలోంచి ఐదు వేల రూపాయలు పోయాయి.

ఇదే దొంగ అప్‌డేట్. ఆ ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఏ, పి, కె అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నొక్కి ఒప్పుకుంటే ఒక దొంగ యాప్ ఫోనులో చేరుతుంది. అది మెసేజ్‌లు చదువుతుంది. బ్యాంకు పంపే ఓటీపీని దొంగకు చేరవేస్తుంది. మన పేరుతో మనవాళ్ళందరికీ అదే మెసేజ్ పంపుతుంది. అందుకే తెలిసిన పేరు చూసి మోసపోతారు.

కుట్టు చెల్లె సలహా అడిగి పూలమ్మ ఆమెకు చెప్పింది. "అమ్మా, ముందు మీ ఫోనుల ఇంటర్నెట్ బంద్ చెయ్యండ్రి. ఇంకో ఫోను తీసుకుని 1930కి కొట్టండ్రి. తర్వాత బ్యాంకుకు చెప్పండ్రి."

1930 అనేది సైబర్ మోసాల గురించి ఫిర్యాదు చేసే నంబరు. దేశమంతా ఇదే నంబరు. ఎంత త్వరగా చెబితే అంత మంచిది. డబ్బు దొంగ చేతికి పూర్తిగా అందకముందే బ్యాంకులో ఆపే వీలుంటుంది.

ఆ అమ్మ అలాగే చేసింది. పోయిన ఐదు వేలు తిరిగి వస్తాయో రావో ఆ రోజు ఎవరూ చెప్పలేకపోయారు. కానీ ఖాతాలో మిగిలిన డబ్బు మిగిలింది. అది ఆమె కూతురి కాలేజీ ఫీజు డబ్బు.

అసలు అప్‌డేట్ ఏది? దొంగ అప్‌డేట్ ఏది?

అసలు అప్‌డేట్ ఫోను సెట్టింగ్‌లలోనే వస్తుంది. లేదా ప్లే స్టోర్‌లో వస్తుంది.

దొంగ అప్‌డేట్ వాట్సాప్‌లో వస్తుంది. మెసేజ్‌లో వస్తుంది. లేదా ఎవరో ఫోను చేసి చెబుతారు.

అసలు అప్‌డేట్‌కు డబ్బు కట్టనక్కరలేదు. అది ఓటీపీ అడగదు. పిన్ అడగదు.

దొంగ అప్‌డేట్ తొందర పెడుతుంది. ఈ రోజే, ఇప్పుడే అంటుంది. భయపెడుతుంది.

పొద్దున పిల్లవాడు ఇచ్చిన సలహా కూడా ప్రమాదమే. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే నంబర్లలో దొంగ నంబర్లు కూడా ఉంటాయి. వాళ్ళు కంపెనీ వాళ్ళమని చెప్పి, మన తెర వాళ్ళకు కనబడే యాప్ పెట్టిస్తారు. ఆ తర్వాత మన పిన్ వాళ్ళ కళ్ళ ముందే.

ఐదు రోజుల తర్వాత వినాయక చవితి వచ్చింది. పూలమ్మ బుట్ట నిండా చామంతులు, గరిక, పత్రి. ఫోను మోగింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. తెర మీద పేరు చదివింది. చిక్కడపల్లి టీచరమ్మ. ఒక్కసారి నొక్కింది.

"చెప్పండమ్మా. ఎన్ని దండలు?" అంది.

గుర్తుంచుకోండి

1. ఫోను రూపం మారితే భయపడకండి. ముందు తెర మీది మాటలు చదవండి.
2. అప్‌డేట్‌ను సెట్టింగ్‌లలో గానీ ప్లే స్టోర్‌లో గానీ మాత్రమే చేయండి.
3. పెద్ద అప్‌డేట్ చేసే ముందు ఫోనుకు చార్జింగ్ పెట్టండి. గిరాకీ ఉన్న వేళ చేయకండి. రాత్రి చేయండి.
4. తెలిసినవాళ్ళు పంపినా సరే, ఫైలు నొక్కే ముందు వాళ్ళకు ఫోను చేసి అడగండి.
5. మోసం జరిగితే సిగ్గుపడకండి. దాచకండి. వెంటనే 1930కి ఫోను చేయండి.

ఈ మాటలు నేర్చుకోండి

అనుమతించు – సరే అను, ఒప్పుకో
తిరస్కరించు – వద్దను
రద్దు – ఆపేయడం, మానేయడం
సమాధానం – జవాబు

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. పూలమ్మ పొద్దున కాల్స్ ఎందుకు ఎత్తలేకపోయింది?
2. మధ్యాహ్నం ఆమె రద్దు ఎందుకు నొక్కింది?
3. మీ ఫోను ఏ భాషలో ఉంది? భాషల జాబితాలో తెలుగు ఎక్కడ ఉందో వెతకండి.
4. మీ వాడలో ఎవరికైనా ఇలాంటి మెసేజ్ వచ్చిందా? వాళ్ళు ఏం చేశారు?
5. 1930 నంబరును ఒక కాగితం మీద పెద్దగా రాయండి. ఇంట్లో అందరికీ కనబడేలా గోడకు అంటించండి.